ఆరు ఇంజన్లు, ఒక్క మాట

రైల్వే కాలనీ,
బిలాస్‌పూర్.

బావా,

నీ ఉత్తరం అందింది. ఊళ్లో గ్రంథాలయం కడదామని పూనుకుంటే కమిటీలో ఎవరికి వారే యమునా తీరే అయ్యారని రాశావు. అందరూ సమర్థులేగా, పనెందుకు సాగట్లేదని అడిగావు. ఇక్కడి సంగతొకటి చెప్తాను, విను.

మన నాన్నలు డ్యూటీ చేసిన రోజుల్లో బిలాస్‌పూర్ సౌత్ ఈస్టర్న్ రైల్వేలో ఒక డివిజన్. 2003 నుంచి సౌత్ ఈస్ట్ సెంట్రల్ జోన్‌కే కేంద్రం. ఆ జోన్ వాళ్లే 2022 ఆగస్టు 15న ‘సూపర్ వాసుకి’ నడిపారు. అయిదు గూడ్సు బళ్లు కలిపి ఒకే బండి. 295 వ్యాగన్లు, ఆరు ఇంజన్లు, సుమారు 27,000 టన్నుల బొగ్గు, మూడున్నర కిలోమీటర్ల పొడవు. కోర్బాలో బయల్దేరి రాజ్‌నంద్‌గావ్ చేరింది.

ఆరు ఇంజన్లుంటే ఆరింతల బలం అనుకుంటాం. వేళ తప్పితే ఆ బలమే రైలుని తెంచేస్తుంది. ముందున్న ఇంజన్ బ్రేకు వేస్తే, పైపులో గాలి తగ్గిన సంగతి తోకదాకా చేరడానికి కొంత సమయం పడుతుంది. ఈలోగా వెనక వ్యాగన్లు తోసుకొస్తాయి. వెనక బ్రేకులు వదలకముందే ముందువాడు లాగితే కప్లింగు తెగొచ్చు. అందుకే ఇలాంటి పొడుగు గూడ్సుల్లో మధ్యలో కూడా ఇంజన్లు పెడతారు. అవన్నీ ఒక్క మాట మీద నడవాలి.

రైల్లో లేనివాళ్ల పని ఇంకా పెద్దది. మామూలు లూప్ లైన్లో అంత బండి పట్టదు, పక్కకి తప్పించి నిలపడం కుదరదు. కంట్రోలర్ ముందుగానే దారి ఖాళీ చేయించాలి. స్టేషన్ మాస్టర్లకీ గేట్‌మెన్‌కీ కబురు ముందే అందాలి. యార్డులో వ్యాగన్లు తనిఖీ చేసే మనిషి ‘ఇది సరిగా లేదు’ అంటే, ఎంత చిన్న ఉద్యోగైనా సరే, బండి కదలదు. లోకో పైలట్ సీనియారిటీ అక్కడ చెల్లదు.

నువ్వు రాసినదాన్నిబట్టి మీ కమిటీలో సమర్థులకి లోటు లేదు, ఈ కట్టుబాటుకే లోటు. చందాలు వసూలు చేసేవాడికి స్థలం కాగితాల సంగతి తెలీదు. మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చినవాడు ఎవరికీ చెప్పలేదు. తప్పు జరుగుతోందని తెలిసినవాడేమో పెద్దల ముందు నోరు విప్పలేదు.

వచ్చే మీటింగులో అధ్యక్షుడెవరన్న గొడవ పక్కన పెట్టు. ఎవరి పని ఏది, ఎవరు ఎవరికి కబురు చెప్పాలి, పని ఆపమనే హక్కు ఎవరిది: ఈ మూడూ కాగితం మీద రాసి అందరిచేతా సంతకాలు పెట్టించు. ఆ తర్వాతే చందాల పుస్తకం తెరువు. అందులో నా పేరు కూడా రాసుకో.

నీ
బావ