సుఖ శబ్దము – చక్రనాభి

కఠోపనిషత్తు శరీరమును రథముగను, ఆత్మను రథికునిగను, బుద్ధిని సారథిగను, మనస్సును కళ్ళెముగను, ఇంద్రియములను అశ్వములుగను నిరూపించినది. ఆ రూపకములో ఇరుసు ప్రస్తావన లేదు. అయినను ఋగ్వేదములో ‘సుఖ’ శబ్దము రథమునకు విశేషణముగా ప్రయుక్తమైనది. ‘ఖ’మనగా రంధ్రము. ఇరుసు దూరెడి రంధ్రము చక్కగా నున్న రథమే సుఖమని పండితులు నిర్వచింతురు. మదీనాగూడలో ఒక కార్తిక మాసమున జరిగిన చిన్న సంఘటన ఈ నిర్వచనమునకు వ్యాఖ్యానము వంటిది.

ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి పాత ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ కలదు. శంకరపల్లి ఆవలనున్న తోటకు బురదదారిలో పోవుటకై కొనినది. నెల దినములుగా ముందు చక్రములనుండి ఒక హోరు వినబడుచుండెను. వేగముతోపాటు అదియు పెరిగెడిది. అతడు పాటల ధ్వనిని పెంచి దానిని మరచుచుండెను. తండ్రి గతించిన పిదప వచ్చిన తొలి కార్తికమది. సోమవారము వేకువనే బయలుదేరి తల్లిని శ్రీశైలమునకు తీసికొనిపోయెదనని మాట యిచ్చియుండెను.

ఆదివారము సాయంకాలము ముంబయి రహదారి ప్రక్కనున్న మెకానికు చక్రమును జాకీపై లేపి, పైన ఒక చేయి, క్రింద ఒక చేయి ఉంచి ఊపెను. చక్రము కదలాడినది. త్రిప్పగా గరగర శబ్దము వచ్చినది. రెండవ చక్రమును అట్లే యుండెను.

“అన్నా, ఒక్క దినం పోయొస్త. వచ్చినంక మారుద్దువు.”

“అమ్మను కూసోబెట్టుకొని ఘాటు ఎక్కుతవు తమ్మీ. ఈ చక్రాలతోని నేనైతే పోనియ్య.”

విడిభాగముల దుకాణము మూసియుండెను. సోమవారము పది గంటలకు గాని పని మొదలు కాలేదు. బ్రేకు కాలిపరును విప్పి, గొట్టముపై భారము పడకుండ తీగతో వ్రేలాడగట్టిరి. ఫోర్ వీల్ డ్రైవులో శక్తినిచ్చు షాఫ్టు నాభి మధ్యనుండి పోవును గనుక, దాని బిగింపులు విప్పిన పిదపనే హబ్బు వెలికివచ్చును. లోపలి గ్రీజు ఇనుపరజముతో నల్లబడి, బేరింగు కప్పుల మీద గుంటలు పడియుండెను.

ఆలస్యమునకు ఓర్వలేక, “కప్పులు పాతవే ఉంచన్నా” అనెను యువకుడు. మెకానికు ఒప్పుకొనలేదు. అరిగిన దారిలో నడచిన క్రొత్త రోలర్లు శీఘ్రముగా పాడగును. కప్పు, రోలర్లు జంటగానే మారవలెను. శంకువు ఆకారపు రోలర్ల బేరింగునకు 1898లో పేటెంటు పొందినవారిలో ఒకడైన హెన్రీ టిమ్‌కెన్ గుఱ్ఱపు బండ్లను చేయువాడు. బరువును, మలుపులలోని ప్రక్క ఒత్తిడిని కూడ మోయుట ఆ ఆకారము యొక్క గుణము.

అరచేతితో రోలర్ల సందులలో గ్రీజు నింపి, క్రొత్త సీలు వేసి, చక్రమును త్రిప్పుచు నట్టును బిగించిరి. పిమ్మట కొంత వదలి, తిరిగి లఘువుగా పట్టించిరి. మిక్కిలి బిగించిన వేడెక్కి మాడిపోవును; మిక్కిలి వదులైన ఊగిపోవును. గీతాచార్యుడు చెప్పిన సమత్వము లోహమునకును విధియే.

“ఇరవై కిలోమీటర్లు పోయినంక ఆగి హబ్బు ముట్టి చూడు. కాలితే ముందుకు పోకు” అని మెకానికు చెప్పి పంపెను.

బయలుదేరునప్పటికి ఒంటిగంట దాటినది. ఉపవాసముతో వేచియున్న తల్లి ఒక్క మాటయు అనలేదు. దారిలో ఆగి కుమారుడు చేతితో తాకి చూచెను. రెండును గోరువెచ్చగా నుండెను. మన్ననూరు దాటి అడవి ప్రవేశించిన పిదప తల్లి అడిగెను:

“పాటలు పెట్టలేదేమి బిడ్డా?”

“చక్రం చప్పుడు వింటున్ననమ్మా.”

పగటి పాతాళగంగ స్నానము తప్పినది. చీకటి పడిన తరువాత దీపము దక్కినది. వేదాంతములో శ్రవణము ప్రథమ సాధనము. దేహరథమును మనకు నెల దినములుగా ఏదో చెప్పుచునే యుండవచ్చును. పాటల ధ్వనిని తగ్గించుట మన వంతు.