రాళ్లకు కాపలా కాసే కొండ

"ఒరేయ్, 2032లో ఏదో రాయి వచ్చి పడుతుందటగా! టీవీలో ఒకటే గోల" అంది అమ్మ, ఒంగోలు నుంచి ఫోన్ చేసి. 2025 ఫిబ్రవరి అది. '2024 వైఆర్4' అనే గ్రహశకలం భూమిని ఢీకొట్టే అవకాశం 3.1 శాతమని వార్తలు. పైకి నవ్వేశా కానీ, నాకూ లోపల గుబులే. నేను చదువుకుంటున్న అమెరికాలోని టూసాన్ పక్కనే, ఇలాంటి రాళ్లను వెతికే కొండ ఉంది. పేరు మౌంట్ లెమన్. ఆ శనివారమే బయల్దేరా.

కింద ఎడారి, నిలువెత్తు సగువారో కాక్టస్‌లు. మలుపులు తిరుగుతూ ఎక్కేకొద్దీ పైన్ చెట్లు. శిఖరం ఎత్తు దాదాపు 2,790 మీటర్లు. కారు దిగగానే చలికి వేళ్లు కొంకర్లు పోయాయి.

మనలాంటి సందర్శకులకు వేరే టెలిస్కోప్ ఉంది. 'కేటలీనా స్కై సర్వే' వాళ్ల 1.5 మీటర్ల టెలిస్కోప్ ఉన్న డోమ్‌ని మాత్రం దూరం నుంచే చూడాలి. లైట్లు వెయ్యకూడదు. ఫోన్ జేబులోనే!

వాళ్ల పని వినడానికి సింపుల్. ఆకాశంలో ఒకే చోటుని కొన్ని నిమిషాల తేడాతో నాలుగు ఫొటోలు తీస్తారు. నక్షత్రాలు ఉన్నచోటే ఉంటాయి. ఏదైనా చుక్క జరిగిందా, దాని మీద కన్నేస్తారు. సాఫ్ట్‌వేర్ ఏరిపెట్టినవాటిని రాత్రంతా మేలుకున్న మనిషి చూసి తేలుస్తారు. 2008 అక్టోబర్ 6న ఇక్కడే రిచర్డ్ కొవాల్‌స్కీ అలా ఓ చిన్న రాయిని పట్టేశారు. సుమారు 19 గంటల్లో అది సూడాన్ మీద గాల్లోనే పేలింది. పడకముందే మనిషి కనిపెట్టిన మొదటి రాయి అదే.

మరి ఆ 3.1 శాతం? కొలతలు తక్కువున్నప్పుడు, రాయి వెళ్లగల దారుల పట్టీ వెడల్పుగా ఉంటుంది. కొత్త కొలతలతో అది సన్నబడుతుంది. భూమి ఇంకా అందులోనే ఉంటే శాతం పెరుగుతుంది. పట్టీ పక్కకు జరగ్గానే ధబేలున పడిపోతుంది. ఆ నెలాఖరుకి అదే జరిగింది, దాదాపు సున్నా.

అమ్మకి ఇదంతా చెప్పా. 2013లో రష్యాలోని చెల్యాబిన్స్క్ మీదికి సూర్యుడి వైపు నుంచి వచ్చిన రాయిని ముందుగా ఎవరూ చూడలేకపోయారనీ, అద్దాలు పగిలి వెయ్యి మందికి పైగా గాయపడ్డారనీ కూడా దాచలేదు.

"అయితే కనిపించనివి ఇంకా ఉన్నాయన్నమాట" అంది.

"ఉన్నాయమ్మా. వెతుకుతూనే ఉన్నారు."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది. "వాళ్లకి ఆ చలిలో రాత్రంతా టీ అయినా దొరుకుతుందా?"