ఆకలి కూడా రుచి ఎరుగుతుంది: ఆటిజం ఉన్న పిల్లలతో విహారయాత్రల భోజనం

కృష్ణా డెల్టాలో ఆప్యాయతకు కొలమానం అన్నమే. అవనిగడ్డలోనో నాగాయలంకలోనో బంధువుల ఇంటికి వెళితే కుశలప్రశ్నలు ముగియకముందే విస్తరి పడుతుంది. వద్దన్నకొద్దీ కొసరి వడ్డించడం ఇక్కడి మర్యాద. ఇంకొక్క ముద్ద తినమని బతిమాలడం ఇక్కడి ప్రేమ. ఇటువంటి సీమలో అన్నం చూసి ముఖం తిప్పుకొనే బిడ్డ ఉన్న తల్లిదండ్రులు పడే వేదన వైద్యగ్రంథాలలో కనిపించదు. బిడ్డ తినకపోవడం ఒక బాధ. తినని బిడ్డను పదిమంది ఎదుట కూర్చోబెట్టుకోవడం అంతకు మించిన బాధ.

వేసవి సెలవులు సమీపించే వేళ ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. “డాక్టరుగారూ, పెద్దదానికి హైదరాబాదులో ఆ పార్కులన్నీ చూపించాలని ఉందండి. కానీ వీడు అక్కడ ఏం తింటాడు?” పైకి చిన్న సందేహంగా కనిపించే ఈ మాట వెనుక ఏళ్ల తరబడి మానుకున్న ప్రయాణాలు, వెళ్లని పెళ్లిళ్లు, తోబుట్టువులు అడగడం మానేసిన కోరికలు ఉంటాయి. భోజనం భయంతో కొన్ని కుటుంబాలు గడప దాటడమే మానేస్తాయి. అందుకే ఈ విషయాన్ని వివరంగా వ్రాయాలనిపించింది.

“ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు” అన్న సామెతను మనమందరమూ నమ్ముతాము. ఒక పూట పస్తు ఉంటే ఏదైనా తింటాడని పెద్దలు చెప్పే సలహాకు మూలం అదే. ఆటిజం ఉన్న పిల్లలలో చాలామంది విషయంలో ఈ సామెత వర్తించదు. 1943లో లియో కానర్ ఆటిజాన్ని తొలిసారి సవివరంగా వర్ణించిన వ్యాసంలో 11 మంది పిల్లల వృత్తాంతాలు ఉన్నాయి. వారిలో పలువురు శైశవంలోనే ఆహారాన్ని నిరాకరించిన సంగతిని ఆయన అందులో నమోదు చేశారు. 2013లో ప్రచురితమైన ఒక సమగ్ర విశ్లేషణ ప్రకారం, ఆటిజం ఉన్న పిల్లలలో ఆహార సంబంధమైన సమస్యలు ఏర్పడే అవకాశం ఇతర పిల్లలతో పోలిస్తే సుమారు 5 రెట్లు ఎక్కువ. అదే సంవత్సరం వెలువడిన డీఎస్ఎం-5 అనే మానసిక వైద్య ప్రమాణ గ్రంథం, ఇంద్రియాల అతిస్పందనను, అల్పస్పందనను ఆటిజం లక్షణాలలో చేర్చింది. కనుక ఇది గారాబం వల్ల వచ్చినదీ కాదు, దిష్టి వల్ల వచ్చినదీ కాదు, తల్లి పెంపకంలోని లోపమూ కాదు.

ఇంద్రియాల అతిస్పందన అంటే ఏమిటో భోజనం బల్ల దగ్గర చూడండి. మనకు ఇడ్లీ అంటే ఇడ్లీయే. ఆ బిడ్డకు ఇంటి ఇడ్లీ ఒక పదార్థం, గుడివాడ హోటలు ఇడ్లీ మరొక పదార్థం. ఒకటి గరుకు, మరొకటి మెత్తన. ఒకదానిలో పులుపు కొంచెం ఎక్కువ. చట్నీ అంచు తగిలితే అది మూడవ పదార్థమైపోతుంది. దొండకాయ కూర నిన్నటిలా ఈ రోజు ఉండదు. బిస్కెట్టు మాత్రం ఏ ఊరిలో పొట్లం విప్పినా అదే రంగు, అదే కరకర, అదే రుచి. చాలామంది పిల్లలు బిస్కెట్లనూ చిప్స్‌నూ పట్టుకొని వేలాడడానికి ఒక కారణం ఈ నిశ్చితత్వమే. వారికి అది చిరుతిండి మాత్రమే కాదు, ఒక భరోసా.

ఇప్పుడు అదే బిడ్డను థీమ్ పార్కుకు తీసుకువెళ్లామనుకోండి. ఒక్కసారిగా వేలమంది జనం, చెవులు చిల్లులు పడే సంగీతం, తిరిగే చక్రాలు, అరుపులు, ఎండ, వరుసలలో నిరీక్షణ. మధ్యాహ్నానికే ఆ బిడ్డ మెదడు అలసిపోతుంది. సరిగ్గా ఆ క్షణంలో నూనె వాసన, ఫినాయిల్ వాసన కలగలిసిన భోజనశాలలో కూర్చోబెట్టి కొత్త పళ్లెంలో కొత్త పదార్థం పెట్టి తినమంటాము. తినకపోతే మొండితనమంటాము. నేను తల్లిదండ్రులకు చెప్పేది ఒక్కటే. అన్నీ కొత్తగా ఉన్న రోజున అన్నమొక్కటైనా పాతదై ఉండాలి. విహారయాత్ర కొత్త రుచులు నేర్పే పాఠశాల కాదు.

మా మనవడికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. వాడు తినేవి ఐదే ఐదు పదార్థాలు: నెయ్యి, ఉప్పు కలిపిన తెల్లన్నం, కరకరలాడే సాదా దోసె, ఇంట్లో తోడుపెట్టిన పెరుగు, మచ్చలేని అరటిపండు, ఒక రకం బిస్కెట్లు. గత వేసవిలో మేమంతా బందరు నుంచి వచ్చే రాత్రి రైలును గుడివాడలో ఎక్కి హైదరాబాదు వెళ్లాము. శివారులోని ఒక పార్కు చూడడం వాడి అక్క పన్నెండవ పుట్టినరోజు కోరిక. మా కోడలు సామానుతో పాటు చిన్న కరెంటు రైస్ కుక్కరు, ఇంటి బియ్యం, నెయ్యి సీసా, వాడి సొంత స్టీలు పళ్లెం, గ్లాసు సర్దింది. “మావయ్యగారూ, పిక్నిక్‌కు వెళుతున్నామా, కాపురం మారుస్తున్నామా అని నవ్వుతారేమోనండీ” అంది. నవ్వితే నవ్వనీ అమ్మా, వాడి కడుపు నిండితే చాలు అన్నాను.

పార్కు గేటు వద్ద తనిఖీ సిబ్బంది క్యారేజీని ఆపారు. మా అబ్బాయి వాదనకు దిగకుండా వైకల్య ధ్రువపత్రం చూపించి, నాలుగు మాటలలో విషయం వివరించాడు. పై అధికారిని పిలిచి మాట్లాడి లోపలికి పంపారు. మధ్యాహ్నం భోజనశాలలో అడుగు పెట్టగానే వాడు రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. తండ్రి వాణ్ణి బయట చెట్టు నీడకు తీసుకువెళ్లి, వాడి పళ్లెంలో వాడి అన్నం పెట్టాడు. లోపల తల్లీ కూతురూ నింపాదిగా భోంచేశారు. తరువాత తండ్రి వచ్చి తిన్నాడు, తల్లి బయటకు వెళ్లింది. ప్రక్క బల్ల దగ్గరున్న ఒక పెద్దాయన ఇదంతా చూసి, “అలా అలవాటు చేస్తే ఎలాగమ్మా, ఒక పూట మాడిస్తే అన్నీ తింటాడు” అన్నారు. మా కోడలు నొచ్చుకోలేదు, నొప్పించనూ లేదు. “వాడు తినగలిగింది తింటున్నాడండి” అని మాత్రం అంది. ఆ పిల్ల తమ్ముడి ఏడుపు వినకుండా హోటల్లో బిర్యానీ పూర్తిగా తినడం నేను చూడడం అదే మొదటిసారి.

ఇటువంటి ప్రయాణానికి ముందుగా చేసుకోవలసిన ఏర్పాట్లు కొన్ని ఉన్నాయి. అనేక పార్కులు బయటి తినుబండారాలను అనుమతించవు. కనుక టికెట్ కొనే ముందే ఫోను చేసి, పిల్లవాడి పరిస్థితి చెప్పి, వీలైతే జవాబును లిఖితపూర్వకంగా తీసుకోండి. రామోజీ ఫిల్మ్ సిటీ వంటి ప్రాంగణం 1,600 ఎకరాలకు పైబడినది. మరచిన డబ్బా కోసం కారు దాకా వెనక్కు వెళ్లి రావడం అటువంటి చోట సులభం కాదు. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఓర్లాండోలోని డిస్నీ వరల్డ్‌కు వెళుతుంటారు. అక్కడ వేడి చేయనవసరం లేని సొంత ఆహారాన్ని వెంట తీసుకువెళ్లనిస్తారు. గాజు పాత్రలు, మద్యం మాత్రం కూడవు. ఆటిజం వంటి ఎదుగుదల లోపాలున్నవారు వరుసలో నిలబడకుండా వేచి ఉండే సౌకర్యం కూడా అక్కడ ఉంది. అడగడానికి సంకోచించకపోతే మన దగ్గర కూడా చాలాచోట్ల మనుషులు సహకరిస్తారు.

భోజనవేళను జనంతో పాటు కాక ముందుకు జరపండి. పదకొండున్నరకు ఖాళీగా ఉండే బల్ల ఒంటిగంటకు సంతలా మారుతుంది. గోడ ప్రక్కన, వంటగదికి దూరంగా చోటు అడగండి. వడ్డించే అబ్బాయికి “చట్నీలు వేరే గిన్నెలో పెట్టు నాయనా” అని ముందే చెప్పండి. ఒక పదార్థం మరొకదానికి తగిలితే రెండూ వదిలేసే పిల్లలున్నారు. చెవులకు శబ్దం తగ్గించే హెడ్‌ఫోన్లు ఉపకరిస్తాయి. వెళ్లబోయే చోటు ఫోటోలను ముందురోజే చూపించి, “ఇక్కడ ఆడతాము, ఇక్కడ నీ అన్నం తింటావు” అని వరుసగా చెబితే బిడ్డకు బెదురు తగ్గుతుంది.

వేసవిలో ఆహారం కన్నా ముఖ్యమైనది నీరు. ఈ పిల్లలలో కొందరికి దాహం, ఆకలి త్వరగా తెలియవు. తెలిసినా చెప్పలేరు. అలవాటైన సీసాతోనే, అడగకపోయినా అరగంటకొకసారి నీరు అందించండి. ఓఆర్ఎస్ రుచిని ప్రయాణంలో కాక ఇంటి వద్దనే ముందుగా పరిచయం చేయండి. వెంట తీసుకువెళ్లే అన్నం విషయంలో జాగ్రత్త అవసరం. వండిన ఆహారం బయట రెండు గంటలకు మించి ఉండరాదు. 32 డిగ్రీలు దాటిన ఎండలో ఆ గడువు ఒక్క గంటే. ఐస్ ప్యాక్ ఉన్న సంచి లేనిదే పెరుగన్నం మోసుకుపోకండి. మరమరాలు, అటుకులు, జంతికలు, బిస్కెట్లు, అరటిపండ్లు నిలకడగా ఉంటాయి. నాలుగేళ్ల లోపు పిల్లలకు వేరుశనగ వంటి గింజలు గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది కనుక పెట్టవద్దు.

పెద్ద యాత్రకు ముందు మన సీమలోనే చిన్న ప్రయాణాలు సాధన చేయవచ్చు. బందరు ప్రక్కనున్న మంగినపూడి తీరానికి కార్తీక పౌర్ణమి నాటి జనసందోహంలో కాక, ఒక మామూలు రోజు ఉదయం వెళ్లి గంటలో తిరిగి రండి. హంసలదీవిలో వేణుగోపాలస్వామిని దర్శించి, దగ్గరలోని సాగరసంగమం దాకా వెళ్లి, ఇంటి డబ్బాలోది అక్కడ తినిపించండి. మరొకసారి గుడివాడలోనో చల్లపల్లిలోనో రద్దీ లేని వేళ హోటల్లో పది నిమిషాలు కూర్చొని, ఒక్క సాదా దోసె తెప్పించి, తిన్నా తినకపోయినా నవ్వుతూ లేచి రండి. హోటలంటే బలవంతం ఉండదన్న నమ్మకం ఆ బిడ్డకు కలగడమే అక్కడ మనం సాధించవలసింది.

కొత్త ఆహారం అసలు నేర్పవద్దా అని మీరు అడగవచ్చు. నేర్పాలి. అయితే ఇంటి వద్ద, కడుపు మరీ ఖాళీ కాకుండా, మరీ నిండకుండా ఉన్న ప్రశాంత సమయంలో నేర్పాలి. మొదట పళ్లెం ప్రక్కన చూడనివ్వడం, తరువాత తాకనివ్వడం, వాసన చూడనివ్వడం, నాలుకకు తగిలించడం. ఒక్కొక్క మెట్టుకు వారాలు పట్టవచ్చు. ముక్కు మూసి నోట్లో కుక్కితే నిన్నటిదాకా తిన్నదాన్ని కూడా రేపటి నుంచి మానేసే ప్రమాదం ఉంది. ఎవరో చెప్పారని పాలు, గోధుమ మాన్పించే పథ్యాలు కూడా మీ అంతట మీరు మొదలుపెట్టవద్దు. వాటివల్ల ఆటిజం తగ్గుతుందనడానికి తగిన ఆధారాలు లేవు. అసలే చిన్నదైన పట్టిక ఇంకా చిక్కిపోతుంది.

నాలుగు రోజుల ప్రయాణంలో అన్నం, బిస్కెట్లతో గడిపినంత మాత్రాన బరువు సరిగా ఉన్న ఆరోగ్యవంతుడైన బిడ్డకు హాని జరగదు. కానీ కొన్ని లక్షణాలను ఉపేక్షించరాదు. బరువు తగ్గడం, తినే పదార్థాలు ఒక్కొక్కటిగా తగ్గుతూ పోవడం, మింగేటప్పుడు తరచుగా ఉక్కిరిబిక్కిరి కావడం, తీవ్రమైన మలబద్ధకం, మట్టి, సుద్దముక్కలు, సున్నం తినడం, ముఖం పాలిపోవడం. చిగుళ్ల నుంచి రక్తం కారుతూ, కాళ్ల నొప్పితో నడవనని మొరాయిస్తే అది విటమిన్ సి లోపం వల్ల వచ్చే స్కర్వీ కావచ్చు. మసక వెలుతురులో తడుముకుంటే విటమిన్ ఎ లోపాన్ని అనుమానించాలి. పరిమితాహారం తీసుకునే ఆటిజం పిల్లలలో ఈ రెండు లోపాలూ వైద్యపత్రికలలో నమోదయ్యాయి. హఠాత్తుగా తినడం మానేస్తే ముందు పళ్లు, గొంతు, పొట్ట పరీక్ష చేయించండి. నొప్పి చెప్పలేని బిడ్డ అన్నం మానేయడం ద్వారానే ఆ సంగతి చెబుతాడు.

సహాయం పొందే మార్గాలూ ఉన్నాయి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏర్పడిన జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలలో ఎదుగుదల లోపాలను పరీక్షిస్తారు. సికింద్రాబాదులో 1984లో నెలకొన్న జాతీయ సంస్థ నేడు ఎన్ఐఈపీఐడీ పేరుతో సేవలందిస్తున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. కనుక యూడీఐడీ కార్డు తీసుకొని ప్రయాణాలలో వెంట ఉంచుకోండి.

చివరగా బంధువులకూ స్నేహితులకూ ఒక మనవి. మీ ఇంటికి ఆ బిడ్డ సొంత డబ్బాతో వస్తే మీ వంటను చులకన చేసినట్లు భావించకండి. ఆ డబ్బా ఉన్నందువల్లనే ఆ కుటుంబం గడప దాటి మీదాకా రాగలిగింది. ముద్ద బలవంతం చేయకుండా ఆ తల్లికి ఒక కుర్చీ వేసి, వేడివేడిగా ఆమెకు వడ్డించండి. మన డెల్టా మర్యాదకు అంతకు మించిన నిండుదనం లేదు.