"వాన పడితే..."

మిరప కోతల కాలంలో ఈపూరు వెళ్తే ఎటు చూసినా ఎర్రటి కల్లాలే. మొన్న మా అక్కావాళ్ల కల్లంలో కూర్చున్నాను. పదో తరగతి చదివే మేనకోడలు గ్రామర్ పుస్తకం తెచ్చి, "మామయ్యా, ఈ క్లాజులు నాకు ఎక్కట్లేదు" అంది. మెయిన్ క్లాజ్, సబార్డినేట్ క్లాజ్ నిర్వచనాలు మాత్రం గడగడా అప్పజెప్పింది.

ఇంతలో మబ్బు పట్టింది. వాళ్ల నాయనమ్మ ఆకాశం వంక చూసి, "వాన పడితే..." అని ఆగింది.

"పడితే?" అంది పిల్ల.

"కాయంతా తాలైపోద్ది. పోయి పట్టలు పట్రా!"

పట్టలు కప్పి వచ్చాక అడిగాను: "'పడితే?' అని ఎందుకన్నావు?"

"నాయనమ్మ మాట పూర్తి కాలేదుగా!"

అలా పూర్తి కాని 'వాన పడితే' అన్నదే సబార్డినేట్ క్లాజ్. 'కాయంతా తాలైపోద్ది' అన్నది తనంతట తాను నిలబడుతుంది కనుక మెయిన్ క్లాజ్.

పడి, పడుతూ, పడితే, పడినా. క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం అని మన వ్యాకరణం వీటికి పేర్లు పెట్టింది. మాట ఇంకా ఉందని తెలుగులో క్రియ చివరే చెబుతుంది. ఇంగ్లీషులో ఆ గుర్తు ముందుంటుంది. 'ఇట్ రెయిన్స్' నిండు వాక్యం. దాని ముందు 'ఇఫ్' చేరగానే వినేవాడు మిగతా మాట కోసం ఎదురుచూస్తాడు.

క్లాజు ఒక పేరును వర్ణించేటప్పుడూ ఇంతే. 'నిన్న మేం కోసిన కాయలు' ఇంగ్లీషులోకి వెళ్తే వరుస తిరగబడుతుంది. ముందు కాయలు, ఆ వెనక కోత సంగతి: 'ద చిల్లీస్ దట్ వి పిక్డ్ ఎస్టర్‌డే'. ఇక్కడ 'మేం' తీసేసినా తెలుగు నడుస్తుంది. అక్కడ 'వి' తీసేస్తే మాట కుంటుతుంది. మన పిల్లలు తడబడేది సరిగ్గా ఈ మలుపుల దగ్గరే.

తెలుగు వాక్యాలు ఒకదానిలో ఒకటి ఎలా ఒదుగుతాయో భాషావేత్త చేకూరి రామారావు 1975లోనే 'తెలుగు వాక్యం' పుస్తకంలో విప్పి చూపారు. ఆ చూపు ఇంగ్లీషు పీరియడ్‌లోకీ రావాలి. సర్కారు బడి సైన్సు పుస్తకంలో తెలుగూ ఇంగ్లీషూ ఎదురెదురు పేజీల్లో ఉంటున్నాయి. వ్యాకరణాన్నీ అలాగే పక్కపక్కన పెట్టి చెబితే పిల్లలకు సగం భయం పోతుంది.

చీకటి పడేలోపు మా పిల్ల తనే రాసి చూపించింది: 'ఇఫ్ ఇట్ రెయిన్స్, ద చిల్లీస్ విల్ లూజ్ దెయిర్ కలర్.' ఒక్క తప్పు లేదు.

ఇంగ్లీషు చెప్పే అయ్యవార్లకు, అమ్మగార్లకు నాదొక్కటే మనవి. క్లాజుల పాఠం మొదలుపెట్టే రోజు నిర్వచనం కంటే ముందు, పిల్లల ఇంట్లో వినిపించే మాట ఒకటి బోర్డు మీద రాయండి.