పదో రోజు లేని దుఃఖం

రాజమహేంద్రవరం,
వైశాఖం, ఆదివారం మధ్యాహ్నం

చిట్టీ,

నీ మెసేజ్ చూడగానే ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ మీ డాలస్‌లో తెల్లవారే వేళకి నేను బ్యాంకు నుంచి ఇంటికి వస్తాను, పిల్లలు చుట్టూ చేరతారు. వాళ్ళ ముందు మాట్లాడే సంగతులు కావు ఇవి. అందుకే కాగితం తీశాను. హాస్టల్ నుంచి సెలవులకి ఇళ్ళకి వెళ్ళినప్పుడు పేజీలకి పేజీలు రాసుకునేవాళ్ళం కదా, అలాగే రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

మీ చెల్లి విడాకులకి ఒప్పుకుందని రాశావు. ఎలా జరుగుతుంది, ఎన్నాళ్ళు పడుతుంది, అది తట్టుకోగలదా అని అడిగావు. మొదటి రెండింటికీ జవాబు చెప్పడం తేలిక. ముందు అవి చెప్పేస్తాను.

ఇద్దరూ ఒప్పుకుని విడిపోవడం హిందూ వివాహ చట్టంలో 13బి సెక్షన్ కిందికి వస్తుంది. 1955లో చట్టం వచ్చినప్పుడు ఈ దారి లేదు, 1976 సవరణలో పెట్టారు. కనీసం ఏడాదిగా విడిగా ఉంటున్నామని చెప్పాలి. పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగి, మళ్ళీ ఇద్దరూ వచ్చి అదే మాట మీద ఉన్నామని చెప్పాలి. కలిసే ఆశ ఏమీ లేకుండా, పిల్లల సంగతీ డబ్బు సంగతీ తేలిపోయి ఉంటే ఆ ఆరు నెలల గడువును కోర్టు తీసేయవచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. లాయరుగారిని ఆ మాట అడగమను. డిక్రీ వచ్చేలోపు ఇద్దరిలో ఎవరు మనసు మార్చుకున్నా వ్యవహారం ఆగిపోతుంది. అందుకని ఒప్పందంలో ప్రతిదీ రాతపూర్వకంగా ఉండాలి. బాబు ఎవరి దగ్గర ఉంటాడు, తండ్రి ఏ వారాల్లో చూడవచ్చు, వేసవి సెలవుల్లో ఎన్నాళ్ళు, బడి ఫీజు ఎవరు కడతారు, అన్నీ. మీరు పెట్టిన బంగారం దానిదే. స్త్రీధనం మీద హక్కు పూర్తిగా భార్యదేనని 1985లోనే ప్రతిభారాణి కేసులో తేలింది. జాబితా మీ అమ్మగారి చేత ఇప్పుడే రాయించు, ఆవిడకి ఏ గొలుసు ఎన్ని కాసులో ఇంకా గుర్తుంటుంది.

బాబుకి ఇంకా ఐదేళ్ళు నిండలేదు కాబట్టి మామూలుగా తల్లి దగ్గరే ఉంచుతారు. బడిలోనో బ్యాంకులోనో ఎవరైనా 'తండ్రి సంతకం ఏది' అని నిలదీస్తే బెదరవద్దని చెప్పు. తండ్రి బతికి ఉండగానే తల్లి కూడా సహజ సంరక్షకురాలు కావచ్చని 1999లో గీతా హరిహరన్ కేసులో తీర్పు ఉంది. ఆ కేసు మొదలైంది కూడా ఇలాంటి కాగితం దగ్గరే, కొడుకు పేరున రిజర్వుబ్యాంకు బాండ్లు కొనబోతే తండ్రి సంతకం అడిగారు. 2016 డిసెంబరు నుంచి పాస్‌పోర్టు దరఖాస్తులో తల్లిదండ్రుల్లో ఒక్కరి పేరు రాసినా చాలు. బ్యాంకులో పనిచేస్తున్న నాకే ఇవన్నీ ముందు తెలియవు. తెలిశాక, కౌంటరు ముందు ఒంటరిగా పిల్లని పట్టుకుని నిలబడిన ఏ తల్లినీ నేను రెండోసారి తిప్పలేదు.

ఇక మూడో ప్రశ్న. దానికోసమే ఈ ఉత్తరం.

నా విడాకుల డిక్రీ వచ్చిన రోజు సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. మా నంబరు పిలిచారు, వెళ్ళి నిలబడ్డాం. ఎవరి బలవంతమూ లేదు కదా అని జడ్జిగారు ఇద్దరినీ విడివిడిగా అడిగారు. లేదన్నాం. బయటికి వచ్చేసరికి వేపచెట్టు కింద నాన్న స్కూటరు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఏమైందని అడగలేదు. ధవళేశ్వరం వైపు పోనిచ్చి, బ్యారేజీ దగ్గర ఆపి, "పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు నువ్వు" అని ఇడ్లీ పొట్లం విప్పి నా చేతిలో పెట్టారు. ఇరిగేషన్‌లో ఆయన ఉద్యోగమంతా ఆ గట్టు మీదే గడిచింది కదా, మనసు బాగోకపోతే అటే వెళ్ళేవారు. ఆ రోజంతటిలో ఆయన నాతో అన్నది ఆ ఒక్క మాటే. నాకు అది చాలింది.

మర్నాడు బ్యాంకుకి వెళ్ళాను. ఎవరూ ఏమీ అనలేదు. చుట్టాలెవరూ పలకరించడానికి రాలేదు. వాళ్ళని తప్పుపట్టను, ఏమని పలకరించాలో వాళ్ళకి తెలియదు. ఎదురుపడ్డవాళ్ళలో కొందరు "పోనీలే, పీడ వదిలింది" అన్నారు. ఓదార్పుగానే అన్నారు గానీ ఆ మాట నాకు ముల్లులా దిగింది. ఆయన పీడ కాదు. నా పిల్లల తండ్రి. చలికాలం పొద్దున్నే నాకన్నా ముందు లేచి పాలు కాచి కాఫీ ఇచ్చిన మనిషి. మా మధ్య ఏం చెడిందో నీకు తెలుసు, మళ్ళీ తవ్వను. చెడినదాని వల్ల విడిపోయాం. చెడకుండా మిగిలింది కూడా దాంతోపాటే పోయింది. దానికోసం ఏడుద్దామంటే నాకెక్కడా చోటు దొరకలేదు, చిట్టీ. విడాకులు కావాలని సంతకం పెట్టినదానివి, ఇంకా ఏడుపెందుకు అన్నట్టు చూశారు అందరూ.

ఆ కార్తీకంలోనే నాన్న పోయారు. నువ్వు రాలేకపోయావు, కానీ ఆ రాత్రంతా ఫోన్ పెట్టేయకుండా కూర్చున్నావు. అది నేను మరిచిపోను.

తలకొరివి నేనే పెట్టాను. వరస కాదని ఒకరిద్దరు పెద్దవాళ్ళు సణిగారు. ఒకావిడ నా విడాకుల సంగతి కూడా ఎత్తింది. అమ్మ ఒక్కటే చెప్పింది: "ఆయన దాని చేతుల్లో పోయారు. మిగతాది కూడా దాని చేత్తోనే జరగనివ్వండి." ఇక ఎవరూ మాట్లాడలేదు.

తర్వాత రోజులన్నీ మా చేతుల్లో లేవు. ఊరు చేతుల్లో ఉన్నాయి. ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వలేదు. పక్కింటివాళ్ళు ఫ్లాస్కుల్లో కాఫీ తెచ్చారు, ఎదురింటివాళ్ళు అన్నం వండి పంపారు. పొద్దున్నే కోటిలింగాల రేవుకి వెళ్ళడం, స్నానం, పిండం, ఇంటికి రావడం. వచ్చేసరికి వీధి అరుగు మీద ఎవరో ఒకరు కూర్చుని ఉండేవారు. నాన్నతో పనిచేసిన లస్కర్లు, కాలవ కింద రైతులు, ఆయన దగ్గర చిన్నప్పుడు లెక్కలు చెప్పించుకున్నవాళ్ళు. ప్రతి మనిషీ ఒక కథ తెచ్చాడు. 1986 ఆగస్టు వరదలో నాన్న ఇంటికి రాకుండా గట్టు మీదే ఉండిపోయారని నాకు తెలుసు. బుట్టలో నన్ను పెట్టుకుని అమ్మ మేడ మీద కూర్చుంటే ఆయన రోజూ ఎవరో ఒకరి చేత మాకు పాలు పంపించారన్న సంగతి మాత్రం ఆ అరుగు మీదే, ఒక ముసలి లస్కరు నోట విన్నాను.

పదో రోజు ధర్మోదకాలకి చుట్టాలంతా రేవుకి వచ్చారు. పని అవుతుండగా మెట్ల పైన పిల్లల నాన్న కనబడ్డారు. హైదరాబాదు నుంచి రాత్రి బస్సెక్కి వచ్చినట్టున్నారు, చేతిలో సంచీ అలాగే ఉంది. ఏ వరసతో దిగి రావాలో తెలియక అక్కడే నిలబడిపోయారు. చిన్నాడు చూసి పరిగెత్తుకెళ్ళి నడుము చుట్టేసుకున్నాడు. అందరి చూపులూ నా మీదికి తిరిగాయి. అమ్మ నా చెవిలో చెప్పింది: "ఎండలో ఎందుకు నిలబెట్టడం, ఇంటికి రమ్మను. భోంచేయకుండా వెళ్ళనివ్వకు." వచ్చారు. అందరితోపాటు పంక్తిలో కూర్చుని తిన్నారు. నాన్న ఫొటో ముందు చాలాసేపు నిలబడి, పిల్లలిద్దరినీ దగ్గరికి తీసుకుని, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయారు. మేమిద్దరం మాట్లాడుకున్నది నాలుగు మాటలు కూడా ఉండవు.

ఆయన గుమ్మం దిగాక నేను పెరట్లోకి వెళ్ళి నూతి గట్టు మీద కూర్చుని ఏడ్చాను. పిన్ని వచ్చి "నాన్నగారు గుర్తొచ్చారా అమ్మా" అని వీపు నిమిరింది. అవునన్నాను. అబద్ధం కాదది. కానీ ఆ ఏడుపంతా నాన్న కోసమే కాదు. డిక్రీ వచ్చిన రోజు నుంచి లోపల ఆగిపోయి ఉన్నది కూడా అందులో కలిసి వచ్చింది. ఎవరూ కారణం అడగకుండా ఏడవనిచ్చే రోజులు నాన్న నాకు ఇచ్చి వెళ్ళారు. పదమూడో రోజు శుభస్వీకారం అయ్యాక అమ్మ నన్ను తలంటుకోమంది. ఆ నీళ్ళు పోసుకుంటుంటే రెండూ ముగిశాయని కాదు గానీ, రెండూ జరిగాయని నా ఒంటికి తెలిసింది.

మనవాళ్ళు చావుకి ఎంత ఏర్పాటు చేశారో చూడు. పదో రోజు, పదకొండో రోజు, నెల మాసికం, ఏడాదికి సంవత్సరీకం. దుఃఖం ఎప్పుడు ఏ రేవులో దిగాలో, ఎవరు పక్కన ఉండాలో అన్నీ ముందే రాసిపెట్టారు. ఒక కాపురం పోతే మాత్రం ఏ రోజూ లేదు. స్వయంపాకం ఇచ్చేది లేదు, పంక్తి భోజనం లేదు, అరుగు మీద వచ్చి కూర్చునేవాళ్ళు లేరు. అందుకే ఆ బాధ ఎటూ పోక ఇంట్లోనే తిరుగుతుంది. తట్టుకోగలదా అని అడిగావే, తట్టుకోవడం అనేది మీ చెల్లి ఒక్కదాని పని కాకూడదు. అదే నేను చెప్పదలుచుకున్నది.

మా ఇంటి సంగతులు కూడా వినాలి నువ్వు. అన్నీ కష్టాలే రాస్తే నువ్వు నిద్రపోవు, నాకు తెలుసు.

ఈ ఏడు ఆవకాయ పెట్టకూడదేమోనని పిన్ని అంది. "ఆయన తినే జాడీ ఖాళీగా ఉంటే నేను చూడలేను, పెడదాం" అంది అమ్మ. కొత్తపల్లి కొబ్బరి కాయలు తెచ్చాను. కాయ కొట్టడం ఎప్పుడూ నాన్న వంతు. చిన్నాడు కత్తి తనకిమ్మని పేచీ పెట్టాడు గానీ ఇవ్వలేదు, బజార్లోనే కొట్టించుకొచ్చాం. జీడి తీసి, పొర గీకి, ముక్కలు తుడిచే పని పిల్లలిద్దరిదీ. పెద్దది తాతయ్య పాత పంచె చింపి తెచ్చింది తుడవడానికి. అమ్మ ఒక్క క్షణం ఆ గుడ్డ వైపు చూసి, "మెత్తగా ఉంటుంది, మంచిదే" అంది. ఆవపిండీ కారమూ ఉప్పూ అమ్మ చేత్తోనే కొలిచింది, పప్పునూనె నా చేత పోయించింది. జాడీకి ఎత్తాక బేసిన్‌లో అంటుకున్న గుజ్జులో వేడివేడి అన్నం వేసి, నెయ్యి పోసి కలిపి, చుట్టూ కూర్చోబెట్టుకుని ముద్దలు చేతిలో పెట్టింది. ముగ్గురికీ కళ్ళల్లో నీళ్ళు, ముక్కుల్లో నీళ్ళు, అయినా ఇంకో ముద్ద, ఇంకో ముద్ద. ఆఖరి ముద్ద ఎప్పుడూ నాన్నది. ఈసారి అమ్మ దాన్ని తనే తినేసింది. చూస్తున్న నాకు ప్రాణం లేచొచ్చింది. కార్తీకం తర్వాత అమ్మ ఏదైనా ఇష్టంగా తినడం అదే మొదలు.

చిన్నాడికి తాతయ్య నేర్పిన అలవాటు ఒకటి మిగిలింది. వానాకాలంలో పేపరు రాగానే ధవళేశ్వరం నీటిమట్టం చూస్తాడు. 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది, అన్నీ కంఠతా వచ్చు. కిందటి ఆషాఢంలో తాతా మనవలిద్దరూ గోడ మీద పెన్సిలుతో రోజూ గీతలు పెట్టారు. సున్నం వేయిద్దామని మేస్త్రీని పిలిస్తే వాడు ఆ గోడకి అడ్డంగా నిలబడ్డాడు. సరే, ఆ ఒక్క గోడ వదిలేశాం.

పెద్దది మాత్రం ఏమీ బయటపడదు. వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళే వారం ముందు రోజే బ్యాగు సర్దుకుని, "నువ్వు ఒక్కదానివే ఉంటావుగా, అమ్మమ్మతో పడుకో" అని నాకు జాగ్రత్తలు చెబుతుంది. అక్కడికి వెళ్ళి వచ్చాక ఏం తిన్నారో, ఎక్కడ తిరిగారో చెబుతుంటే వింటాను. మొదట్లో ఆ కబుర్లు వినడం కష్టంగా ఉండేది. ఇప్పుడు నేనే అడుగుతున్నాను. నాన్న చేసిన దోశ ముక్కలైపోయిందని అది నవ్వుతూ చెబుతుంటే నాకూ నవ్వొస్తుంది. దాని నవ్వులో సగం ఆయనదే, అది పోగొట్టుకోవాలని నాకు లేదు. ఈ సెలవుల్లో సగం అక్కడ, సగం ఇక్కడ. ఎల్లుండి ప్రయాణం.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది రాస్తాను. డిక్రీ అయ్యాక మీ చెల్లి దగ్గరికి పది రోజులకి రా. తర్వాత వేసవికి అనుకోవద్దు, అప్పుడే రా. దానిచేత వంట చేయించకు. మీ పిన్నులకీ అత్తయ్యలకీ నువ్వే ఫోన్ చేసి, వచ్చి కూర్చోండి, మంచీ చెడూ ఎంచకండి, ఉత్తినే కూర్చోండి అని చెప్పు. పెళ్ళి ఆల్బమ్ తీస్తానంటే తీయనివ్వు. అతని గురించి మంచి మాట చెబితే మధ్యలో ఆపవద్దు.

నువ్వు వచ్చేలోపు నేనున్నాను. కాకినాడ ఎంత దూరం నాకు, పొద్దున్న బస్సెక్కితే కోర్టు వేళకి దిగుతాను. వాయిదా తేదీ తెలియగానే రాయి, సెలవు పెట్టుకుంటాను. దానికి ఇడ్లీ పొట్లం నేను కట్టుకెళ్తాను. నీ వంతు ఆవకాయ సీసాలో పోసి ఉంచాను, అటు వచ్చేవాళ్ళెవరైనా ఉంటే పేరు చెప్పు, ఇచ్చి పంపిస్తాను. అమ్మ నిన్ను అడిగానని రాయమంది.

నీ
గది నేస్తం