రాజమండ్రి అంత దేశం... ఏడువేల సూర్యులు!

2001 జనాభా లెక్కల ప్రకారం ఒక్క రాజమండ్రి నగరంలోనే మూడు లక్షల పైచిలుకు జనం. ఆ సమయానికి ఉత్తర అట్లాంటిక్ సముద్రంలోని ఐస్‌లాండ్ దేశం మొత్తం వెతికినా మూడు లక్షల మంది లేరు. అంటే, మన రాజమండ్రి కంటే తక్కువ జనం ఉన్న దేశమన్నమాట! అలాంటి చోట కొందరు కుర్రాళ్లు ఓ బోర్డు ఆట తయారుచేసి అమ్మారు. ఆ డబ్బు ఆసరాగా ఏకంగా ఓ విశ్వాన్నే కట్టడం మొదలుపెట్టారు. ఆ విశ్వం పేరు 'ఈవ్ ఆన్‌లైన్'. ప్రపంచంలో ఎక్కడున్నవాళ్లయినా కంప్యూటర్ ముందు కూర్చుని ఆడుకునే అంతరిక్ష వ్యూహ క్రీడ అది. 2003 మే 6న మొదలైంది. 2013 నాటికి చందాదారులు అయిదు లక్షలు... ఆ దేశ జనాభా కంటే ఎక్కువ!

చేపల రేవులో నక్షత్రాలు

ఆ విశ్వం పుట్టిన ఊరు రెక్యావిక్. ఐస్‌లాండ్ రాజధాని. జూన్‌లో వెళ్తే రాత్రన్నదే ఉండదు. అర్ధరాత్రి దాటినా సంధ్యవెలుగు పోదు. డిసెంబరులో వెళ్తే పగలు నాలుగైదు గంటలే. ఊరి నడిబొడ్డు నుంచి కాస్త నడిస్తే పాత రేవు. ఒకవైపు తిమింగలాలను చూపించడానికి తీసుకెళ్లే పడవలు, ఇంకోవైపు చేపల బోట్లు, అఖాతానికి అవతల ఎస్యా కొండ. రేవు పక్కనే 2011లో ప్రారంభమైన 'హార్పా' అద్దాల సంగీత భవనం తళుక్కుమంటూ ఉంటుంది.

రేవుకు పడమటి కొసను గ్రాండీ అంటారు. అంతర్వేదివాళ్లో ఉప్పాడవాళ్లో వెళ్తే అక్కడ కొత్తగా ఏమీ అనిపించదు. అదే ఉప్పుగాలి, అదే చేపల వాసన. పచ్చగడ్డి పరిచిన ఓ దిబ్బ, దాని మీద బుల్లి చెక్కపాక కనిపిస్తాయి. చేపలు ఎండబెట్టే పాక అది. 2013లో ఓ కళాకారిణి దాన్ని అలా తీర్చిదిద్దారు. ఈ చేపల పేటలోనే చాలా ఏళ్లు 'సీసీపీ' సంస్థ కార్యాలయం ఉండేది. కింద బోట్ల నుంచి చేపలు దింపుతుంటే, పైన కంప్యూటర్లలో అంతరిక్ష నౌకలు పుట్టేవి! 2020లో ఆ కార్యాలయం విశ్వవిద్యాలయం దగ్గరి కొత్త భవనానికి మారింది.

ముందు అట్ట మీద ఆట

1997లో రేనిర్ హార్దార్సన్, మరికొందరు కలిసి సీసీపీని పెట్టారు. 1984లో బ్రిటన్‌లో వచ్చిన 'ఎలీట్' అనే అంతరిక్ష వ్యాపార ఆట వీళ్లకు ప్రేరణ. అందులో ఆటగాడు ఒంటరి. అలా కాకుండా వేలమంది ఒకే ఆకాశంలో తిరిగితే ఎలా ఉంటుందన్నది వీళ్ల ఊహ. ఊహ బాగానే ఉంది, పైసలేవీ? అందుకే ముందుగా 'హైట్టుస్పిల్' అనే బోర్డు ఆటను తయారుచేసి స్వదేశంలోనే అమ్మారు. ఆ తర్వాత 2000లో స్థానిక పెట్టుబడిదారుల నుంచి సుమారు 26 లక్షల డాలర్లు సమకూర్చుకున్నారు.

2003లో ఓ అమెరికన్ సంస్థ ఆటను డబ్బాల్లో పెట్టి దుకాణాలకు పంపింది. ఆ ఏడాది చివరికల్లా హక్కులను సీసీపీయే తిరిగి కొనేసుకుంది. డబ్బాలూ దుకాణాలూ లేకుండా ఇంటర్నెట్‌లోనే నేరుగా అమ్మడం మొదలుపెట్టింది. మధ్యలో దళారి లేకుండా రైతే సంతలో కూర్చున్నట్టు!

ఇంతకీ ఆటేమిటి? కొత్తగా వచ్చినవాడికి ఓ చిన్న నౌక ఇస్తారు. గ్రహశకలాలు తవ్వుకుని ఖనిజం అమ్ముకోవచ్చు. సరుకు రవాణా చేయొచ్చు. దొంగతనమూ చేయొచ్చు. పదిమందితో కలిసి సంస్థ పెట్టుకోవచ్చు, సంస్థలు కలిసి కూటమి కట్టొచ్చు, కూటములు యుద్ధానికి దిగొచ్చు. ఏడువేలకు పైగా సౌరవ్యవస్థలు. గెలుపు ఇదీ అని గీత గీసే చివరి అంకం ఏదీ లేదు. మిగతా ఆన్‌లైన్ ఆటల్లో చాలావరకు ఆటగాళ్లను విడదీసి వేర్వేరు నకళ్లలో కూర్చోబెడతారు. ఇక్కడ మాత్రం చైనా మినహా ప్రపంచమంతా ఒకే ఆకాశంలో ఉంటుంది. దాన్ని నడిపే సర్వర్లు ఉండేది లండన్‌లో.

శిస్తు కట్టలేదు... సమరం వచ్చింది

అందరినీ ఒకేచోట ఉంచితే ఏమవుతుందో 2014 జనవరి 27న తెలిసొచ్చింది. అప్పట్లో ఆటలో ఓ సౌరవ్యవస్థ మీద అధికారం ఉండాలంటే క్రమం తప్పకుండా శిస్తులాంటిది చెల్లించాల్సి ఉండేది. ఓ కూటమి తరఫున ఆ సొమ్ము సకాలంలో జమ కాలేదు. 'బీ-ఆర్5ఆర్‌బీ' అనే ఆ వ్యవస్థ చేజారింది. కబురు తెలిసి ప్రత్యర్థులు వచ్చారు, వాళ్లను చూసి వీళ్లు వచ్చారు. 21 గంటలపాటు సాగిన పోరులో పాల్గొన్నది 7,548 మంది. ఎంతోమంది నెలల తరబడి శ్రమిస్తేగానీ తయారుకాని 'టైటాన్' నౌకలు 75 బూడిదయ్యాయి. అసలు డబ్బులో లెక్కిస్తే నష్టం మూడు లక్షల డాలర్ల పైమాటే! ఆ శిథిలాలను కంపెనీ అక్కడే శాశ్వతంగా ఉంచేసింది. ఆటలోపల అదో స్మారకం.

వేలమంది ఒక్కసారిగా కాల్పులు జరిపితే సర్వర్ కుప్పకూలాలి కదా! కూలలేదు. ఎందుకో డెల్టా రైతుకు ఇట్టే అర్థమవుతుంది. దాళ్వాకు గోదావరిలో నీరు చాలని ఏడాది ఏం చేస్తారు? వంతులవారీగా కాలువలు వదిలి, ఎవరి చేనూ పూర్తిగా ఎండకుండా ఉన్ననీటినే సర్దుతారు. ఇక్కడ సర్దేది నీళ్లను కాదు, కాలాన్ని! రద్దీ పెరిగేకొద్దీ ఆ ప్రాంతంలో ఆట గడియారాన్నే నెమ్మది చేస్తారు. అవసరమైతే పదోవంతు వేగానికి దించేస్తారు. ఒక్క సెకనులో జరగాల్సింది పది సెకన్లు పడుతుంది. అందరూ ఓపిక పట్టాలి, ఎవరూ బయటికి పోనక్కర్లేదు.

ఆటగాళ్లే ఓటర్లు

రెక్యావిక్ కథలో అసలు విశేషం సాంకేతికత కాదు, పంచాయతీ. 2007లో సీసీపీ ఆటలోని సరుకులు, ధరలు, ద్రవ్యోల్బణం గమనించడానికి ఎయోల్ఫుర్ గుడ్మండ్‌సన్ అనే ఆర్థికవేత్తను నియమించుకుంది. 2008 నుంచి ఆటగాళ్లు ఓట్లేసి ప్రతినిధుల మండలిని ఎన్నుకుంటున్నారు. మన నీటి సంఘాల ఎన్నికల్లాంటివే! గెలిచినవాళ్లను రెక్యావిక్ పిలిపించి కంపెనీ సంప్రదింపులు జరుపుతుంది.

ఈ మండలి ఉత్తుత్తిది కాదని 2011లో తేలింది. ఆ ఏడాది జూన్‌లో ఆటలో పాత్రలకు పెట్టుకునే ఒంటికంటి అద్దాన్ని అరవై డాలర్లకు పైగా ధరకు అమ్మకానికి పెట్టారు. ఆటలో గెలవడానికీ డబ్బు తీసుకుంటారేమోనన్న అనుమానం రాజుకుంది. వేలమంది ఆటలోని ప్రధాన విపణి 'జీటా' దగ్గర గుమిగూడి, అక్కడి విగ్రహం మీద కాల్పులు జరుపుతూ నిరసన తెలిపారు. చందాలు మానేసినవాళ్లూ ఉన్నారు. కంపెనీ హడావుడిగా ప్రతినిధులను రెక్యావిక్ పిలిపించింది. అక్టోబరులో సంస్థ అధిపతి హిల్మార్ పెటుర్సన్ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. అదే నెలలో సిబ్బందిలో అయిదోవంతు మంది ఉద్యోగాలు పోయాయి. జనం కట్టుకున్న లోకాన్ని జనాన్ని అడగకుండా మారిస్తే ఎంత ఖరీదవుతుందో ఆ చిన్న ఊరికి తెలిసొచ్చింది. 2018లో దక్షిణ కొరియాకు చెందిన పెర్ల్ అబిస్ సీసీపీని కొన్నా ఆట మాత్రం రెక్యావిక్ వదిలిపోలేదు.

మరి మన గట్టున?

అరుగుల మీద ముగ్గు గీసి మూడు పులులు, పదిహేను మేకలతో ఎత్తులు పైఎత్తులు వేసిన నేల మనది. పులికి బలం, మేకకు సంఖ్య... ఇరువైపులా ఒకే బలగం లేకుండా సమఉజ్జీ పోరు కుదర్చడం ఆటలు తయారుచేసేవాళ్లకు ఈనాటికీ కష్టమైన విద్యే. భీమవరం దగ్గరి మోగల్లులో పుట్టిన ఏ.ఎస్.రావు 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్‌కు ప్రాణం పోశారు. దేశీయ కంప్యూటర్ల తయారీకి బాటలు వేసిన సంస్థల్లో అదొకటి. హైదరాబాద్‌లోనే ఓగర్ హెడ్ అనే చిన్న బృందం 2017లో 'అసుర' గేమ్‌ను విడుదల చేసింది. అక్కడే తయారైన 'హిట్‌వికెట్' అనే క్రికెట్ వ్యూహ క్రీడ 2020లో కేంద్రప్రభుత్వ యాప్‌ల పోటీలో గేమ్స్ విభాగంలో విజేతగా నిలిచింది.

అన్నీ హైదరాబాద్‌లోనే అన్నది గమనించాల్సిన సంగతి. కోడ్ రాయాలంటే గోదావరి దాటాల్సిందేనన్నది మన పిల్లల్లో పాతుకుపోయిన నమ్మకం. చేపల రేవు ఒడ్డున కూర్చుని విశ్వం కట్టిన ఊరు ఆ నమ్మకాన్ని ప్రశ్నిస్తుంది. వాళ్లకు పెద్ద నగరం లేదు, పెద్ద మార్కెట్ లేదు. ఉన్నదల్లా ముందు చిన్న ఆట అమ్ముకునే తెలివి, ఆరేళ్ల ఓపిక, ఆడేవాళ్ల మాట వినాలన్న బుద్ధి... అదీ దెబ్బతిని నేర్చుకున్నదే!

చూడాలంటే...

మన దేశం నుంచి నేరుగా విమానాల్లేవు. యూరప్ నగరాల్లో మారి కెఫ్లావిక్ విమానాశ్రయంలో దిగాలి. అక్కడి నుంచి రెక్యావిక్ సుమారు 50 కిలోమీటర్లు. షెంగెన్ వీసా కావాలి. జూన్ నుంచి ఆగస్టు వరకు వాతావరణం అనుకూలం, అయినా స్వెటర్ తప్పనిసరి.

రేవు దగ్గర సిగుర్దుర్ గుడ్మండ్‌సన్ మలచిన శిల్పాన్ని మాత్రం తప్పక చూడాలి. 2014 మే 1న ఆవిష్కరించారు. పీఠం మీద చీమల బారుల్లా పేర్లు... ఆ ఏడాది మార్చి 1 నాటికి ఆడుతున్నవాళ్లందరి పాత్రల పేర్లవి. దేశదేశాల ఆటగాళ్లు వచ్చి వంగి, వేలితో తడుముతూ తమ పేరు వెతుక్కుంటుంటారు. దాని కింద ఆటగాళ్ల సందేశాలతో ఓ ల్యాప్‌టాప్‌ను పాతిపెట్టారు. తెరిచేది 2039 మే 6న.