ఏ క్లాసులో దిగుదాం?

2018 నవంబర్‌లో ఒక ఆదివారం, పెన్సిల్వేనియాలో ఓ చర్చి వెనకున్న హాల్లో 31 మందిమి మడత కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. తేల్చుకోవాల్సింది ఒకటే. వచ్చే వేసవిలో ఏ క్లాసులో పోటీకి దిగాలి? నేను ఒక ఎక్సెల్ షీట్ తయారుచేసుకుని వెళ్ళాను. ఆ షీట్ సంగతి ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. చెప్తాను. ముందు నాలాంటి వాడికి అక్కడేం పనో చెప్పాలి కదా.

డ్రమ్ కోర్ అనేది మన పెళ్ళి బ్యాండుకీ, ఆగస్టు 15 కవాతుకీ దూరపు చుట్టం లాంటిది. రాయడం ‘కార్ప్స్’ అని రాస్తారు, పలకడం మాత్రం ‘కోర్’. ఇత్తడి వాయిద్యాలు, డ్రమ్ములు, జెండాలు తిప్పేవాళ్ళు. ఫ్లూటూ క్లారినెట్టూ ఉండవు. ఫుట్‌బాల్ మైదానమంతా పరుగులాంటి నడకతో ఆకారాలు కడుతూ, విడదీస్తూ, ఆపకుండా వాయించాలి. మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల సంఘాల్లో పుట్టిన వ్యవహారం ఇది. అమెరికన్ లీజియన్ తొలి జాతీయ పోటీ 1921లో కాన్సస్ సిటీలో జరిగింది. 1972లో కుర్రకారు కోర్‌లు కలిసి డీసీఐ పెట్టుకున్నాయి. అందులో వయసు పరిమితి ఉంది. ఇరవై ఒకటి దాటితే ఇక అంతే. దాన్ని ‘ఏజ్ అవుట్’ అంటారు. ఆఖరి షో అయ్యాక మైదానంలోనే కూలబడి ఏడ్చేవాళ్ళని చూశాను.

ఒక కొలీగ్ నన్ను ఆగస్టులో అలెన్‌టౌన్‌లో షోకి తీసుకెళ్ళింది. రెండు గంటలు కూర్చుని వచ్చేద్దాం అనుకున్నాను. ఒక డ్రమ్‌లైన్ మా స్టాండ్ వైపు తిరిగి ఒక్కసారిగా వాయించేసరికి అదేదో గుండెల్లో మోగినట్టయింది. విజయవాడ స్కూల్లో నేను సైడ్ డ్రమ్ వాయించేవాణ్ణి. పొద్దున్న అసెంబ్లీలో పిల్లలు క్లాసులకి నడిచేది మా దెబ్బ మీదే. ఇంటర్‌లో రెసిడెన్షియల్ కాలేజీలో పడేశాక కర్రలు అటక ఎక్కాయి. ఆ తర్వాత ఎంసెట్, ర్యాంకు, ఇంజనీరింగు, ఇక్కడిదాకా. అలెన్‌టౌన్‌లో ఆ రాత్రి నాకు 29 ఏళ్ళు. ఎనిమిదేళ్ళు లేటు.

లేటేమీ కాదని తర్వాత తెలిసింది. పెద్దవాళ్ళ కోర్‌లకి డీసీఏ అని వేరే సంస్థ ఉండేది (ఈమధ్యే అది డీసీఐలో కలిసిపోయి ‘ఆల్-ఏజ్’ క్లాసయింది). మొదటి ఛాంపియన్‌షిప్ 1965లో. పై వయసుకి పరిమితి లేదు. మా దగ్గర్లో కొత్తగా ఒక కోర్ పెడుతున్నారని విని వెళ్ళాను. స్నేర్‌కి నా చేతులు చాలవని తేల్చి, బేస్ డ్రమ్ తగిలించారు. అమ్మకి ఫోన్‌లో చెప్తే, “ఏరా, బ్యాండుమేళంలో చేరడానికా నిన్ను అమెరికా పంపింది?” అంది.

బేస్ డ్రమ్ములు ఐదు సైజుల్లో ఉంటాయి. ఒక్కొక్కరికీ ఒక్క శ్రుతే. ఒక వరస వాయించాలంటే ఐదుగురూ పంచుకోవాలి. ఒకే మాటని ఐదుగురు తలో అక్షరం పలికినట్టు. నాది రెండోది. నా పక్కన మూడో బేస్ ఆయనకి 53 ఏళ్ళు. 1987లో ఏజ్ అవుట్ అయి, ముప్ఫై ఏళ్ళ తర్వాత మళ్ళీ డ్రమ్ము మోస్తున్నాడు. నేను వెంట్రుకవాసి ఆలస్యమైతే నా దెబ్బ వెళ్ళి ఆయన దెబ్బ మీద పడేది. ఆయన ఏమీ అనేవాడు కాదు. గెడ్డం మాత్రం కొంచెం నా వైపు తిప్పేవాడు.

ఇక క్లాసుల సంగతి. డీసీఏలో పెద్ద కోర్‌లకి ఓపెన్ క్లాస్. అందులో దిగితే పక్క ఊళ్ళో ఉన్న రెడింగ్ బక్కనీర్స్‌తో సమానంగా నిలబడాలి. 1957 నుంచి ఉన్న కోర్, ఎన్నోసార్లు ఛాంపియన్లు. దాని గురించి ఎవరూ మాట్లాడలేదు, నవ్వుకున్నాం అంతే. రెండోది క్లాస్ ఏ, తక్కువ మంది ఉన్న కోర్‌లకి. మైదానం అదే, జడ్జిలూ వాళ్ళే, మార్కులూ ర్యాంకులూ ఉంటాయి. మూడోది డీసీఐ నడిపే సౌండ్‌స్పోర్ట్. ఏ వయసువాళ్ళయినా, ఏ వాయిద్యమైనా. ఐదు నుంచి ఏడు నిమిషాల షో, చిన్న స్థలం. స్థానాలు ప్రకటించరు. గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ అని రేటింగ్ ఇస్తారు. అందరికీ గోల్డ్ రావచ్చు కూడా.

ఇప్పుడు షీట్. ఖర్చు, బస్సు, ట్రక్కు, రిహార్సల్ రోజులు, ఇత్తడి వాయించేవాళ్ళు 11 మందే కావడం, వంద గజాల మైదానంలో 11 మంది ఎలా కనబడతారన్నది, ఇలా తొమ్మిది వరసలు. ఒక్కోదానికి ఇంత వెయిట్ అని పెట్టి, క్లాస్ ఏకీ సౌండ్‌స్పోర్ట్‌కీ మార్కులు వేశాను. మొదటిసారి క్లాస్ ఏ కొద్ది తేడాతో గెలిచింది. ‘సభ్యుల ఉత్సాహం’ అన్న వరసకి నేను ఎక్కువ వెయిట్ పెట్టడం వల్ల. దాన్ని తగ్గించాను. ‘రిస్క్’ పెంచాను. నాకు కావాల్సిన జవాబు వచ్చేదాకా మార్చి, వచ్చాక రంగులు వేశాను. ఆఫీసుల్లో ఇది రోజూ జరిగేదే, నాకేమీ కొత్త కాదు. కానీ అక్కడ మేనేజర్‌కి కావాల్సిన జవాబు కోసం చేస్తాం. ఇక్కడ ఎవరి కోసం చేశాను?

ర్యాంకు భయం అని ఒక్క మాటలో చెప్పొచ్చు. ఎంసెట్ ఫలితాల రోజు మా నాన్న పేపర్లో నంబరు వెతుకుతుంటే పక్కన నిలబడ్డ పదిహేడేళ్ళవాడు ఇంకా లోపలే ఉన్నాడు. నాకొచ్చింది చెడ్డ ర్యాంకేమీ కాదు. కానీ “ఎంత?” అని అడిగినవాళ్ళందరి ముఖాల్లో ఆ అంకె వినగానే జరిగే చిన్న లెక్క ఉంటుందే, అది మళ్ళీ చూడలేను. అందుకే పుస్తకాల మీద రాసేటప్పుడు కూడా నేను ఎప్పుడూ నక్షత్రాలు వెయ్యను. అది నా సిద్ధాంతం అనుకునేవాణ్ణి.

దీనికి ఇంకో కోణం కూడా ఉంది. మనం పుస్తకాల్ని క్లాసుల్లో పెట్టడం లేదా? “మొదటి నవల కాబట్టి”, “అమెరికాలో ఉంటూ తెలుగులో రాయడమే గొప్ప కాబట్టి”. ఇలాంటి వాక్యాలు నేనే చాలా రాశాను. వాటిని దయ అనుకున్నాను. పాఠకుడికి అవి ఇంకోలా వినిపిస్తాయి, ఇది పక్క మైదానంలో ఆడే ఆట, అసలు ఆటతో పోల్చకండి అని. రాసినవాళ్ళకి ఎలా వినిపిస్తుందో అప్పట్లో ఆలోచించలేదు.

హాల్లో నా షీట్ ప్రొజెక్టర్ మీద వేశాను. అంకెలు చూస్తే జనం ఎందుకో నెమ్మదిస్తారు. అంతకుముందు క్లాస్ ఏ అని గట్టిగా అంటున్నవాళ్ళు కూడా “నిజమే, మొదటి ఏడాది కదా” అన్నారు. మూడో బేస్ ఆయన లేచి ఒకటే అడిగాడు. “మైదానం మీద జడ్జి మన ముందుకి నడిచొచ్చే వరస ఇందులో ఎక్కడుంది?”

ఆయన ఉద్దేశం ఏమిటంటే, పర్కషన్ జడ్జి చేతిలో రికార్డరు పట్టుకుని మైదానంలోనే డ్రమ్ముల పక్కన నడుస్తూ, విన్నది విన్నట్టు మాట్లాడుతూ ఉండేవాడు. షో అయ్యాక ఆ రికార్డింగ్ కోర్‌కి ఇస్తారు. ఒకప్పుడు తప్పుకి పదో వంతు మార్కు చొప్పున కోసేవారు. ‘టిక్’ అనేవారు దాన్ని. డీసీఐలో అది 1983 సీజన్‌తో పోయింది. ఇప్పుడు వంద మార్కుల్లో 40 జనరల్ ఎఫెక్ట్‌కి, 30 విజువల్‌కి, 30 సంగీతానికి. పద్ధతి మారినా ఆ నడిచొచ్చే మనిషి అప్పటికి మారలేదు. “నీ పేరు తెలీదు, నీ ఉద్యోగం తెలీదు. నువ్వు ఎప్పుడు మొదలెట్టావో, ఎంత కష్టపడ్డావో ఏదీ తెలీదు. విని చెప్తాడు. ఇంట్లో మా ఆవిడ కూడా అలా చెప్పదు నాకు,” అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

నేను అప్పటికే జవాబు తయారుచేసుకున్నాను. 2019 సౌండ్‌స్పోర్ట్, 2020 క్లాస్ ఏ. ముందు నిలదొక్కుకుందాం, తర్వాత మైదానం. రెండేళ్ళ ప్లాన్. 18 చేతులు నా వైపు లేచాయి, 13 అటు. షీట్ చూపించకముందే చేతులెత్తమని ఉంటే ఎలా ఉండేదో నాకు తెలుసు.

ఆ వేసవి బాగానే గడిచింది. ఆరున్నర నిమిషాల షో, ఒక పార్కింగ్ లాట్ పక్క పచ్చికలో. సిల్వర్ వచ్చింది. ఫొటోల్లో అందరం నవ్వుతూనే ఉన్నాం, ఆయనతో సహా. నాకు సిల్వర్ అంటే ఎంతో ఇప్పటికీ అర్థం కాదు. ఎంతకి సిల్వర్, ఎవరి పక్కన సిల్వర్? అది అర్థం కాకుండా ఉండటం కోసమే కదా నేను అంత కష్టపడింది.

2020 మార్చిలో క్లాస్ ఏ కోసం ఫారాలు నింపుతుండగా అన్నీ మూతపడ్డాయి. ఆ ఏడాది సీజనే జరగలేదు. 31 మందిలో కొందరు వేరే ఊళ్ళకి వెళ్ళారు, ఒకరిద్దరికి పిల్లలు పుట్టారు, చర్చి హాలు వేరేవాళ్ళకి ఇచ్చేశారు. 2021లో జూమ్‌లో ఒక సమావేశం పెడితే తొమ్మిది మంది వచ్చారు. ఎవరూ కోర్ ముగిసిందని ప్రకటించలేదు. వాట్సాప్ గ్రూపు ఇంకా ఉంది, క్రిస్మస్‌కి మోగుతుంది.

మూడో బేస్ ఆయన ఫ్లోరిడాలో కూతురి దగ్గరకి మారిపోయాడు. మోకాళ్ళు ఇక డ్రమ్ము మొయ్యవన్నాడు. వెళ్ళేముందు షీట్ సంగతి చెప్దామని ఇంటికి వెళ్ళాను, పెట్టెలు సర్దడంలో సాయం చేశాను, చెప్పలేదు. ఆయనే ఒక క్యాసెట్ ఇచ్చాడు. 1986లో ఏదో షోలో తమ జడ్జి టేపు. “నువ్వు రాసేవాడివి కదా, నీకు పనికొస్తుంది.”

దాన్ని వినడానికి పాత ప్లేయర్ ఒకటి కొనాల్సి వచ్చింది. ముందు గాలి హోరు, ఆ వెనక ఇత్తడి. తర్వాత ఒక మగ గొంతు, నడుస్తున్నట్టు ఆయాసపడుతూ. స్నేర్‌ల గురించి ఏదో మెచ్చుకుంటాడు. అడుగుల చప్పుడు. బేస్ డ్రమ్ములు దగ్గరవుతాయి, మాట సరిగా వినబడదు. “త్రీ లేటు,” అంటాడు. కొంచెం ఆగి, “త్రీ మళ్ళీ లేటు.” ఆ వరసే తిరిగొస్తుంది. ఈసారి జడ్జి ఏమీ అనడు, ఊపిరి మాత్రం వినిపిస్తుంది. ఐదు దెబ్బలూ అతుకు లేకుండా దొర్లిపోతాయి. “ఆఁ,” అంటాడు, అడుగులు దూరమవుతాయి.

అక్కడిదాకా వెనక్కి తిప్పి చాలాసార్లు విన్నాను.